గెట్టు మీది చెట్టు

నడిగడ్డలో గెట్టు పంచాయితీ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. కృష్ణా తుంగభద్రల నడుమ, అయిజ చుట్టుపక్కల పల్లెల్లో రెండు చేన్ల మధ్య మట్టికట్ట మీద ఒక వేపో, చింతో, తుమ్మో ఉంటే ఆ పంచాయితీ ఇంకో మెట్టు ఎక్కుతుంది. కొమ్మలు మా చేన్లోకి వాలి పంట రానివ్వడం లేదని ఒకరంటారు. ఆ చెట్టు మా తాత పెట్టిందని ఇంకొకరంటారు. ఒకరోజు పొద్దున్నే గొడ్డలి పడుతుంది, మధ్యాహ్నానికి ఇద్దరూ ఠాణాలో ఉంటారు. ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొమ్మని పోలీసులంటారు. కోర్టుకు పోతే ముందు హద్దు తేలాలంటారు. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చేసరికి చెట్టు కట్టెలైపోయి ఉంటుంది.

ఈ వరుస తిరగబడాలన్నదే నా వాదన. ముందు కొలత, తర్వాత మాట, అన్నిటికన్నా ఆఖరున గొడ్డలి. చెట్టు పేరుతో నడిచే తగాదాల్లో చాలావాటి అడుగున ఉన్నది హద్దు తగాదా. కొమ్మల గురించి చట్టం స్పష్టంగానే మాట్లాడుతుంది, వేర్ల గురించి కొంత మాట్లాడుతుంది. మొదలు ఎవరి నేలలో ఉందో తేలనిదే ఆ మాటలేవీ ఎవరికీ పనికిరావు.

తగాదాలు ఇప్పుడెందుకు ముదురుతున్నాయో చూడాలి. గద్వాల, అయిజ ప్రాంతం విత్తన పత్తికి పేరుపొందింది. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్ది, పువ్వు తర్వాత పువ్వుగా చేసే సేద్యం అది. కూలి, మందులు, అప్పు అన్నీ చిన్న మడిలోనే గుమ్మరించాల్సి వస్తుంది కాబట్టి ఒక్కో సాలుకూ విలువ ఉంటుంది. చింతచెట్టు నీడ పడ్డ నాలుగు సాళ్లు నాలుగు సాళ్లుగా కాదు, వడ్డీతో సహా లెక్కకొస్తాయి. అదే నీడలో క్రాసింగ్ చేసే కూలీలు మధ్యాహ్నం కూర్చుని సద్ది తింటారన్న సంగతి మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు. రాజోలిబండ మళ్లింపు పథకం కింద తెలంగాణ వైపు 87,500 ఎకరాలకు నీళ్లని కాగితం చెబుతుంది. నీళ్లు అందిన చోట భూమి ధర పెరిగింది, అందని చోట బోరు ఖర్చు పెరిగింది. రెండు చోట్లా గెట్టు సన్నబడింది. ట్రాక్టరు నాగలి ఏటా రెండు వైపులా కాస్త కాస్త గీకుతూ పోతుంది. మూడడుగుల కట్ట అడుగున్నరకు వచ్చాక పాత హద్దుకు మిగిలిన ఆనవాలు దాని మీది చెట్టొక్కటే.

ఇంకో మాట కూడా ఉంది. ఈ పొరుగువాళ్లలో చాలామంది పరాయివాళ్లు కారు, పాలోళ్లు. తాత ఉన్నప్పుడు ఒకటే చేను, ఒకటే చెట్టు. పంపకాల్లో భూమిని ఎకరాలు, గుంటలుగా పంచుకున్నారు. చెట్టు దగ్గరికి వచ్చేసరికి కాపులో సగం సగం అన్నారు, అదీ నోటిమాటగా. రెండో తరం దాకా ఆ మాట నిలుస్తుంది. మూడో తరంలో ఒకాయన భూమి అమ్మేసుకుంటే, కొన్నవాడికి ఆ సగం కాపు మాట తెలియదు.

ఇక కొలత సంగతి. హైదరాబాద్ రాజ్యంలో జరిగిన సర్వేకు వాడిన గొలుసు 33 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు నేల ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఎకరం. ఆ గొలుసును పదహారు అణాలుగా విభజించారు. ఒక్క అణా అంటే రెండడుగుల ముప్పాతిక అంగుళం. మన టిప్పన్లలో, అంటే పాత సర్వే పటాల్లో, కొలతలు గొలుసుల్లో, అణాల్లో ఉంటాయి. మధ్య వయసు వేపచెట్టు మొదలు మందం తరచూ ఒక్క అణా కన్నా తక్కువే. దాన్ని బట్టి చూస్తే చెట్టు ఎవరి వైపు ఉందన్న ప్రశ్నకు పాత రికార్డు జవాబు చెప్పలేని సందర్భాలు ఎన్నో ఉంటాయి. తప్పు సర్వేయరుది కాదు. పన్ను వేయడానికి చేసిన కొలత అది, చెట్టు మొదలును రెండుగా చీల్చి చూపడానికి చేసింది కాదు. ఇప్పుడు శాటిలైట్ ఆధారిత యంత్రాలతో అంగుళాల లెక్కన కొలుస్తున్నారు. కానీ కొత్త యంత్రం పాత టిప్పన్‌లోని గీతనే నేల మీద వెతకాలి. ఆ గీతలోని సందేహం యంత్రంతో పోదు.

అందుకే మొదలు సరిగ్గా గెట్టు మీద ఉన్నప్పుడు ఎవరిదని తేల్చే పట్టుదల కన్నా, ఇద్దరిదీ అని ఒప్పుకోవడమే న్యాయానికి దగ్గరగా ఉంటుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. రెండు చేన్ల హద్దు నడుమ పుట్టిన చెట్టు పూలూ పళ్లూ ఇద్దరు చేనుదార్లకూ సమానమని కాత్యాయన స్మృతి చెప్పింది. మూల గ్రంథం దొరకలేదు. ఇతర వ్యాఖ్యాతలు ఉదహరించిన శ్లోకాలను ఏరి పి.వి. కాణే 1933లో దాన్ని కూర్చారు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఇంకో వైపు నుంచి చూస్తుంది. హద్దు మీద మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి, పాలుకారే చెట్లు పెట్టమంటుంది. పైకి కనిపించేవి చెరిగిపోవచ్చు కాబట్టి రాళ్లు, బొగ్గులు, పెంకులు, ఊక, బూడిద వంటివి నేలలో పాతమంటుంది. గ్రామాల మధ్య హద్దు తగాదాను ఆనవాళ్లు బాగా కనబడే జ్యేష్ఠమాసంలో తేల్చమంటుంది. పంట లేని ఎండాకాలపు చేను చూసినవాళ్లకు ఆ సూచన విలువ తెలుస్తుంది. ఇప్పటికీ మన సర్వేయర్లు పంట కోత అయ్యాకే రమ్మంటారు.

హద్దు తగాదాలను విడిగా విచారించిన యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాసింది కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కొలువులో. అప్పుడు అలంపురం, ఈ నడిగడ్డ ఆ రాజ్యంలోవే. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. ఇవన్నీ ఎందుకంటే, చెట్టును హద్దుకు సాక్షిగా చూడటం ఈ నేలకు కొత్త కాదు. దాన శాసనాల్లో ఎల్లలు చెప్పేటప్పుడు ఫలానా చింత, ఫలానా మర్రి అని రాయించేవారు. చెట్టు కొట్టేసినవాడు కట్టెలు మాత్రమే తీసుకుపోవడం లేదు, హద్దుకున్న సాక్ష్యాన్నీ తీసుకుపోతున్నాడు. కోర్టులో ఆ లోటు రెండు పక్షాలకూ తగులుతుంది, కొట్టినవాడికి కూడా.

ఇప్పటి చట్టానికి వస్తే, పొరుగువాళ్ల చెట్ల గురించి మనకు ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లండ్ తీర్పుల నుంచి వచ్చిన సూత్రాలు, ఇక్కడి హైకోర్టుల తీర్పులు, నాలుగైదు చట్టాల్లోని సెక్షన్లు కలిపి కుట్టుకోవాలి. కొమ్మ విషయంలో మూలం 1894 నాటి లెమ్మన్, వెబ్ కేసు. పొరుగు చెట్టు కొమ్మ నా నేల మీదికి వస్తే, అవతలి నేలలో అడుగుపెట్టకుండా, హద్దు దాకా మాత్రమే నేను నరుక్కోవచ్చు, నోటీసు ఇవ్వకపోయినా సరేనని అక్కడ తేల్చారు. ఆ తర్వాత హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్నే ఖాయం చేసింది. ఇరవై ఏళ్లుగా ఆ కొమ్మ అలాగే ఉందని చెట్టు యజమాని వాదిస్తే? దారికీ, నీటికాలువకూ ఇరవై ఏళ్ల వాడుకతో హక్కు వస్తుంది. కొమ్మ వాలడానికి అలాంటి హక్కు రాదు. ఏటా కొత్త రెమ్మ వేస్తూ పెరిగేదానికి ఇరవై ఏళ్ల స్థిరమైన వాడుక అనేది ఉండదు. బొంబాయి హైకోర్టు కూడా 1894లోనే ఈ దారి పట్టింది. వేర్లకూ ఇదే వరస. నీ నేలలోకి వచ్చిన వేరును నీ నేలలో కోసుకోవచ్చు.

ఈ హక్కుకు మన ఊళ్లలో రెండు అపార్థాలు అంటుకుని ఉన్నాయి. ఒకటి, కొమ్మ నా వైపుకొస్తే కాయలూ నావేనని. కావు. కోసిన కొమ్మ, దాని మీది కాయ చెట్టు యజమానివే. ఆపిల్ కొమ్మలు కోసి కాయలు అమ్ముకున్న పొరుగాయన నష్టపరిహారం కట్టాలని 1919లో ఇంగ్లండ్‌లో మిల్స్, బ్రూకర్ కేసులో తేలింది. చింతపండు కాలంలో ఈ సంగతి తెలియక చెయ్యి చేసుకునేదాకా పోతారు. రెండో అపార్థం, కొమ్మ కోసే హక్కుంటే మొదలు కోసే హక్కూ ఉంటుందని. ఇది ఇంకా ప్రమాదం. పరాయి నేలలోని చెట్టును నరికి తీసుకుపోవడం దొంగతనం. నేలకు అతుక్కుని ఉన్నంతసేపు చెట్టు స్థిరాస్తి కాబట్టి దాన్ని దొంగిలించడం కుదరదు. మొదలు తెగిన క్షణం నుంచీ అది చరాస్తి, దొంగతనం అక్కడే పూర్తవుతుంది. పాత శిక్షాస్మృతి 378వ సెక్షన్ కింది మొదటి ఉదాహరణే చెట్టు నరకడం. భారతీయ న్యాయ సంహితలో ఆ నిబంధన 303వ సెక్షన్‌గా కొనసాగుతోంది. సర్కారు నాటిన హద్దురాయిని పీకడం, జరపడం వేరే నేరం.

మొదలు మీ నేలలోనే ఉన్నా పని అయిపోలేదు. 2002 నుంచి అమల్లో ఉన్న నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, పట్టా భూమిలోని చెట్టుకైనా నిర్దేశిత అధికారి అనుమతి అడుగుతుంది. నీలగిరి, సర్వి, సుబాబుల్ వంటి పెంపకపు జాతులకు మినహాయింపులున్నాయి, వేప చింతలకు అవి వర్తిస్తాయో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. తాటి, ఈత చెట్లయితే ఎక్సైజ్ శాఖ కూడా మధ్యలోకి వస్తుంది, గీత కార్మికుల బతుకు వాటి మీద ఉంది. పొరుగాయన మీద పంతంతో తన చెట్టునే అనుమతి లేకుండా కొట్టి జరిమానా కట్టుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ఆ పంతానికి చెట్టూ పోయింది, డబ్బూ పోయింది.

అందరికీ అక్కరకొచ్చే సూక్ష్మం ఇంకొకటుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం నాలుగో సెక్షన్ ఉదాహరణల్లో, పరాయి నేలలోని చెట్ల నుంచి రాలిన ఆకును తన చేనుకు ఎరువుగా తీసుకునే హక్కు కూడా ఒక ఈజ్‌మెంటేనని రాసి ఉంది. రాలిన వేపాకును చెత్త అని ఒకరు, ఎరువు అని ఇంకొకరు అనుకునే ఊళ్లో ఆ వాక్యం చదివి వినిపించదగ్గది.

పశువుల సంగతీ కలపాలి. ఇంగ్లండ్‌లో 1878లో ఒక శ్మశాన బోర్డు నాటిన యూ చెట్టు కొమ్మలు కంచె దాటి పొరుగు మేతబీటిలోకి వాలాయి. ఆకు తిని గుర్రం చచ్చిపోయింది, బోర్డు పరిహారం కట్టింది. 1894లో వచ్చిన ఇంకో కేసులో కొమ్మ హద్దు దాటలేదు, గుర్రమే మెడ చాచి తింది. అక్కడ పరిహారం రాలేదు. మన దగ్గర ఇంటి ముందు గన్నేరు, చేను గట్టున ఆముదం పెంచేవాళ్లకు ఇవి పనికొచ్చే తీర్పులు. విషపు మొక్క కొమ్మను హద్దు ఇవతలే ఆపుకోవడం యజమాని బాధ్యత.

ఎండిన చెట్టు కూలేలా ఉంటే దారి వేరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, పడిపోయి దారినపోయేవాళ్లకో చుట్టుపక్కలవాళ్లకో హాని చేసేలా ఉన్న చెట్టును తీయమనో, ఊతం పెట్టమనో కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అయిజవాళ్లకు తహసీల్దారు ఊళ్లోనే ఉన్నాడు, ఆర్డీవో గద్వాలలో ఉంటాడు. అయితే ఇది జనానికి కలిగే ప్రమాదానికి ఉద్దేశించిన సెక్షన్. నా పంటకు నీడ పడుతోందన్న ఫిర్యాదును దీనికింద పెడితే తిరిగి వస్తుంది. కరెంటు తీగలకు తగిలే చెట్టయితే 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ ఉంది. అందులో రైతుకు పనికొచ్చే మాటొకటి దాగి ఉంది: తీగ లాగకముందు నుంచే చెట్టు అక్కడ ఉంటే, దాన్ని కొట్టించినప్పుడు పరిహారం ఇప్పించవచ్చు. లైను వేసిన రోజున చెట్టుతో సహా ఫొటో తీసి పెట్టుకున్నవాడికి ఆ మాట అక్కరకొస్తుంది.

అయిజ పట్టణంలో, మున్సిపాలిటీ హద్దులో, సమస్య ఇంకో రూపంలో ఉంటుంది. ఇక్కడ సాళ్లు కాదు, గోడలు, సంపులు, రేకుల ఇళ్లు. కొబ్బరికాయ రేకు మీద పడుతుంది. బాదం వేరు సంపు గోడలోకి దూరుతుంది. గోడ పగులులో రావి మొలుస్తుంది, పీకడానికి ఎవరికీ మనసొప్పదు. వేపచెట్టు కింద రెండు రాళ్లు పెట్టి పసుపు పూస్తే అది ఎల్లమ్మ చెట్టు అవుతుంది, ఆ తర్వాత కోర్టు ఉత్తర్వు ఉన్నా కూలివాడు గొడ్డలి పట్టడు. భక్తిని నేను తప్పుపట్టను. భక్తిని హద్దు జరపడానికి వాడుకోవడాన్ని మాత్రం తప్పుపడతాను. వేరు వల్ల గోడ పగిలితే పరిహారం అడగవచ్చు. నష్టం కొనసాగుతున్నంత కాలం గడువు రోజురోజుకూ కొత్తగా మొదలవుతుందని లిమిటేషన్ చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ చెట్టు వేరు వల్లే గోడ పగిలిందని చూపాలి. నల్లరేగడి ఎండకు నోరు తెరిచి వానకు ఉబ్బుతుంది, ఆ నేలలో చెట్టు లేకపోయినా గోడ పగులుతుంది. ఇంజనీరు రాతపూర్వక నివేదిక లేకుండా ఈ దావా వేయడం వృథా.

కోర్టులో ఏం జరుగుతుందో కాస్త ఆగి చూడాలి. వకీలు సాధారణంగా ఇంజంక్షన్ దావా వేస్తాడు, చెట్టు నరకకుండా ఆపమనో, కొమ్మలు తీయించమనో. నిర్దిష్ట పరిహార చట్టం 38, 39 సెక్షన్లు దానికి ఆధారం. అవతలివాడు ఆ గెట్టే నాదంటాడు. అక్కడ కథ మారుతుంది. 2008లో మన వరంగల్ నుంచి సుప్రీంకోర్టుకు చేరిన ఒక స్థలం కేసులో న్యాయస్థానం తేటగా చెప్పింది: హక్కు మీదే మబ్బు కమ్మినప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు ప్రకటించమని అడగాలి. చెట్టు దావాలు ఎన్నో ఈ రాయికే తగిలి పడతాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కమిషనర్‌ను వేసి, సర్వేయరు సాయంతో నేల మీద హద్దు గుర్తించమనవచ్చు. స్వాధీనం ఎవరిదో తేల్చే సాక్ష్యం సేకరించడానికి మాత్రం కమిషనర్‌ను వాడనివ్వరు. ఈ తేడా తెలియక వేసిన పిటిషన్లు కొట్టేసి పోతాయి, ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో చెట్టు పెరుగుతూనే ఉంటుంది, వైరమూ పెరుగుతుంది.

కాబట్టి దావాకు ముందే మీసేవలో ఎఫ్‌లైన్ (హద్దు కొలత) దరఖాస్తు పెట్టి, పొరుగువాడికి నోటీసు వెళ్లేలా చూసి, ఇద్దరి ఎదుట కొలిపించుకోవడం ఉత్తమం. కొలత రోజున చెట్టు మొదలు చుట్టుకొలత, హద్దురాయి నుంచి దూరం పంచనామాలో రాయించాలి. ఆ తర్వాత గద్వాల న్యాయసేవాధికార సంస్థ దగ్గర లోక్‌అదాలత్‌కు వెళ్లవచ్చు, దావా వేయకముందే. అక్కడి రాజీ కోర్టు డిక్రీతో సమానం, మామూలుగా దాని మీద అప్పీలు లేదు. నడుస్తున్న దావాలో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. చెట్టు తగాదాకు నా దృష్టిలో ఇంతకు మించిన వేదిక లేదు, ఎందుకంటే ఇక్కడ కాపులో ఇంత, కొమ్మ ఖర్చు ఇంత, మూడేళ్లకోసారి నరకడం అన్నట్టు రాసుకోవచ్చు. జడ్జి తీర్పులో అంత వీలు ఉండదు. ఊరి పెద్దమనుషులు చేసేది కూడా ఇదే. తేడా ఏమిటంటే పెద్దమనుషుల కాగితానికి రేపు విలువ ఉంటుందో లేదో చెప్పలేం.

వేరే దేశాలు ఈ ప్రశ్నను ముందే ఆలోచించాయి. ఫ్రాన్స్ సివిల్ కోడ్ 671వ అధికరణం ప్రకారం, స్థానిక నిబంధన వేరుగా లేకపోతే, రెండు మీటర్లు దాటి పెరిగే చెట్టును హద్దుకు రెండు మీటర్ల లోపల పెట్టకూడదు. అంతకు తక్కువ పెరిగేదానికి అర మీటరు చాలు. జర్మనీలో పొరుగు నేల మీద తానుగా రాలిన కాయ ఆ పొరుగువాడిదే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2006లో పొరుగువాళ్ల చెట్ల తగాదాలకే ఒక చట్టం చేసింది. అక్కడి భూమి, పర్యావరణ కోర్టు తరచూ చెట్టు ఉన్న చోటికే వచ్చి, చెట్ల నిపుణుల కళ్లతో చూసి, తేలుస్తుంది. వీటిలో మనకు అవసరమైనది దూరం నియమం. నాటేటప్పుడు రెండు మూడు అడుగులు లోపలికి జరిగితే పాతికేళ్ల తర్వాతి తగాదా పుట్టదు. జర్మన్ రాలిన కాయ సూత్రం మాత్రం మనకు వద్దు. చింతపండు మీద బతికే కుటుంబాల దగ్గర అది కొత్త గొడవలు తెస్తుంది.

దూరం నియమం ఇప్పుడే ఎందుకంటే, 2015 జులైలో మొదలైన హరితహారం కింద ఊరూరా టేకు మొక్కలు పంచారు, రైతులు వాటిని గెట్ల మీద పెట్టారు. ఆ నిర్ణయం మంచిదే, నడిగడ్డ ఎండకు ప్రతి చెట్టూ వరమే. కానీ నాటినప్పుడు మొక్కకూ హద్దురాయికీ మధ్య ఎంత దూరమో ఎవరూ రాయలేదు. వేప, తుమ్మల మీద పోట్లాట కట్టె ధర కోసం కాదు. టేకు దుంగకు ధర ఉంది. ఈ చెట్లు కోతకు వచ్చేనాటికి నాటిన రైతులు పెద్దవాళ్లయి, చేన్లు పిల్లల పేర ఉంటాయి. పహాణీ నోటికి చెప్పగల వీఆర్వోల వ్యవస్థ 2020 సెప్టెంబరులో రద్దయింది. గ్రామ పాలన అధికారులు 2025లో వచ్చారు, వాళ్లకు ఊరు ఇంకా కొత్త.

2025 ఏప్రిల్ 14న మొదలైన భూ భారతి చట్టం రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతపరచాలన్న నిబంధన తెచ్చింది. ఆ పటం మీద గెట్టు గీతతో పాటు, గీత మీదా దానికి రెండు మీటర్ల లోపలా ఉన్న చెట్లను కూడా చుక్కలుగా గుర్తించమని సర్వేయర్లకు చెప్పడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. అమ్మేవాడు, కొనేవాడు, భాగాలు పంచుకునే అన్నదమ్ములు అంతవరకు ఆగనక్కర్లేదు. దస్తావేజులో చెక్కుబంది రాయించేటప్పుడే ఇంకో రెండు వాక్యాలు కలపాలి: హద్దు మీది చెట్టు ఏ జాతిది, చుట్టుకొలత ఎంత, రాయికి ఎంత దూరం, కాపు ఎవరికి, కొమ్మలు నరికే ఖర్చు ఎవరిది. దస్తావేజు రాసేవాళ్లు అడగరు కాబట్టి, ఆ మాట రైతే ఎత్తాలి.